గ్రాన్ పారడీసో మీద నా కాలు పట్టుకున్న పెద్దాయనకు

అందరికీ నమస్కారం. ఫోన్లు చేసినవాళ్లకి, మెసేజ్‌లు పెట్టినవాళ్లకి విడివిడిగా జవాబిచ్చే ఓపిక ఇంకా రాలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఎముక విరగలేదు. చీలమండ బాగా బెణికింది, మూడు వారాలు కట్టు ఉంచమన్నారు.

శనివారం ఇంకా చీకటి ఉండగానే ఇటలీ ఆల్ప్స్‌లో కొండెక్కేవాళ్లు రాత్రి బస చేసే విట్టోరియో ఇమాన్యుయేలే హట్ నుంచి ముగ్గురం బయల్దేరాం. గ్రాన్ పారడీసో శిఖరం 4,061 మీటర్లు. హిమానీనదం మీద ముగ్గురం ఒకే తాడు కట్టుకుని నడుస్తున్నాం. అక్కడ ‘గాడిద వీపు’ అని పిలిచే గట్టు ఒకటుంది. దాని మీద, మంచులో జారకుండా నా కుడి బూటుకి కట్టుకున్న క్రాంపాన్ ముల్లు ఎడమ ప్యాంటులో ఇరుక్కుంది. తాడు పడిపోకుండా ఆపింది గానీ కాలు మెలితిరిగింది.

వెనక ఇంకో తాడు మీద వస్తున్న పెద్దాయన ఆగారు. డెబ్బై ఏళ్లుంటాయేమో. తనవాళ్లిద్దరినీ పైకి వెళ్లమని చెప్పి, మంచులో కూర్చుని నా కాలు ఒళ్లో పెట్టుకున్నారు. నేను చటుక్కున వెనక్కి లాక్కున్నాను. పొరపాటున పెద్దవాళ్లకి కాలు తగిలితేనే కళ్లకద్దుకుంటాం కదా మనం. ఆయన నొప్పికనుకున్నారు, ఇంకా మెల్లగా పట్టుకుని, బూటు వదులు చేసి, కట్టు కట్టారు. పడినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది. ‘పియానో, పియానో’ అంటూనే ఉన్నారు. మెల్లగా, మెల్లగా అని.

దిగడానికి ఆరు గంటలు పట్టింది. ప్రతి అడుగుకీ ముందు తన బూటుతో మంచులో మెట్టు తొక్కి, అప్పుడు నన్ను రమ్మనేవారు. రాళ్లలోకి వచ్చాక కొండమేకలు కనిపించాయి. నా నొప్పి మరిపించడానికి కాబోలు, చేతులతో కొమ్ములు చూపించి ‘స్టాంబెక్కో’ అని నాచేత పలికించారు. ఒకప్పుడు ఆల్ప్స్ మొత్తంలో ఈ మేకలు మిగిలింది ఇక్కడేనట. రాజుల వేట అడవిగా ఉన్న చోటు 1922లో నేషనల్ పార్కయింది.

హట్ నుంచి ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోన్ చేస్తే నలభై నిమిషాలు లైన్లో ఉంచి, 3,000 మీటర్లు దాటితే కవర్ కాదన్నారు. కొండెక్కడానికే తీసుకుంటున్నానని చెప్పి కొన్న పాలసీ అది! డబ్బు కట్టించుకున్న రోజు ఆ మాట ఎందుకు చెప్పలేదు? అడిగితే ఈమెయిల్ పెట్టమన్నారు.

ఆ పెద్దాయన పేరు అడగాలని కూడా తోచలేదు. హ్యాండిల్‌కి నీలం టేపు చుట్టిన ఆయన చేతికర్ర నా దగ్గరే ఉండిపోయింది. దాన్ని చేర్చమని హట్ వాళ్లకి రాశాను.

అమ్మ, నాన్న, అన్నయ్య, మా ఆయన, మీకు వేరే చెప్పాలా.

రాయడం మర్చిపోయాను: హట్‌లో అడక్కుండానే వేడి సూప్ తెచ్చిన అమ్మాయికి, కొండ కింద పోంట్ ఊరి నుంచి ఆవోస్టా ఆసుపత్రి దాకా కారులో తీసుకెళ్లిన జంటకి, టురిన్‌లో పులిహోర పట్టుకొచ్చిన పక్కింటి అక్కకి. అయ్యో, నాతో తాడు మీద ఉన్న ఇద్దరినీ చెప్పనేలేదు. కింది దాకా నా బ్యాగు మోసింది వాళ్లే. వాళ్లూ ఆ రోజు శిఖరం చూడలేదు.