సర్టిఫికెట్ లేదు, ఇకపై బిల్లులో సరుకు పేరుంటుంది

"మీకు పటాలు కట్టే సర్టిఫికెట్ ఉందా?" అని ఈ మధ్య కొందరు అడుగుతున్నారు. లేదండి. మన దగ్గర ఈ పనికి పరీక్ష తప్పనిసరి కాదు. పేరున్న పరీక్షలు విదేశాల్లో ఉన్నాయి. అమెరికాలో పీపీఎఫ్ఏ అనే ఫ్రేమర్ల సంఘం 1986 నుంచి సీపీఎఫ్ అనే సర్టిఫికెట్ ఇస్తోంది, అది రాతపరీక్ష. పైమెట్టు ఎంసీపీఎఫ్‌కి చేతిపనీ చూపించాలి. బ్రిటన్‌లో ఫైన్ ఆర్ట్ ట్రేడ్ గిల్డ్ అనే సంఘం వాళ్ళ సర్టిఫికెట్ జీసీఎఫ్. ఈ గిల్డ్ ఫ్రేము పనిని మ్యూజియం, కన్సర్వేషన్, కమెండెడ్, బడ్జెట్, మినిమమ్ అని ఐదు మెట్లుగా విడగొట్టింది. మేము తీసుకుంటున్నది ఆ ఆలోచననే.

వచ్చే నెల నుంచి మా దగ్గర రెండు రకాలు: సాదా, భద్రం. వాడిన బోర్డు, అద్దం, జిగురు పేర్లు బిల్లు మీదే రాస్తాం. సాదా రేటు మారదు. భద్రం దాదాపు రెట్టింపు పడుతుంది, జిగురు ఆరాలి కాబట్టి అదే రోజు ఇవ్వలేం.

తేడా ఎక్కడంటే, బొమ్మ చుట్టూ అంచులా కనబడే మామూలు మౌంట్ బోర్డు, వెనక వేసే హార్డ్‌బోర్డు ఆమ్లం వదులుతాయి. కొన్నేళ్ళకి మౌంటు కోసిన వాలు అంచు గోధుమరంగుకి తిరుగుతుంది, దాని పక్కనే బొమ్మ మీద కూడా గీత పడుతుంది. భద్రం రకంలో ఆమ్లం లేని కాటన్ బోర్డు ముందూ వెనకా వేస్తాం. బొమ్మని ఫెవికాల్‌తో అంటించం, సెల్లో టేపు అసలు తాకనివ్వం. జపాన్ కాగితం ముక్కలు రెండు, గోధుమ గంజితో, పై అంచుకి మాత్రమే. నాలుగువైపులా అంటిస్తే మన విశాఖ చెమ్మకి కాగితం సాగుతుంది, పోవడానికి దారి లేక అలలుగా లేస్తుంది. అందుకే ఫ్రేము గాడిలో కూడా చుట్టూ 2-3 మిల్లీమీటర్లు ఖాళీ వదులుతాం.

బీచ్ రోడ్డు, లాసన్స్ బే వైపు ఇళ్ళవాళ్ళు ఒకటి గమనించాలి. ఫోటో అద్దానికి ఆనుకుని ఉంటే, తడిగాలికి దాని మీది జెలటిన్ పొర మెత్తబడి అద్దానికి అతుక్కుంటుంది. లాగితే బొమ్మే ఊడుతుంది. మౌంటో, ఎడం ఉంచే సన్నని పట్టీ (స్పేసర్) అయినా మధ్యలో ఉండాలి. ఇనప పిన్నులు ఉప్పుగాలికి తుప్పు పడతాయి, కాబట్టి స్టీలువే వాడతాం.

ప్రతిదానికీ భద్రం రకం అక్కర్లేదు. పూజగదిలో అప్పన్న స్వామి పటం, మళ్ళీ ప్రింటు తీసుకోగలిగిన పెళ్ళి ఫోటో, వీటికి సాదా చాలు. తాతల నాటి నలుపు-తెలుపు ఫోటో, చేత్తో వేసిన బొమ్మ, డిగ్రీ పట్టా అయితే ఆలోచించండి. వీటికి లామినేషన్ అడిగితే మేమే వద్దంటాం. వేడికి అంటుకున్న ప్లాస్టిక్ మళ్ళీ ఊడిరాదు.

సర్టిఫికెట్ లేకున్నా పని చూడడానికి కొన్ని గుర్తులున్నాయి, ఏ షాపులోనైనా చూడండి. 45 డిగ్రీల్లో కోసిన ఫ్రేము ముక్కలు మూలలో కలిసిన చోట వెలుతురుకి పట్టి చూస్తే సందు కనబడకూడదు. వెనక కింది మూలల్లో రబ్బరు బుడిపెలుంటే పటానికీ గోడకీ మధ్య గాలి ఆడుతుంది, లేకపోతే చెమ్మగోడ బూజు లోపలికి వస్తుంది. పెద్ద పటానికి ఒకే మేకు వద్దు. 2 మిల్లీమీటర్ల అద్దం చదరపు మీటరుకి 5 కిలోలు తూగుతుంది. తుడిచేటప్పుడు మందు అద్దం మీద కొట్టకండి, గుడ్డ మీద కొట్టండి. కిందికి కారిన చుక్క అంచులోంచి మౌంటులోకి పోతుంది.