మందు మానాక వెంటాడే జ్ఞాపకాల గురించి

అందరికీ నమస్కారం. మా తమ్ముడు మందు మానేసి ఏడు నెలలైంది, కానీ లారీ హారన్ వినపడితే చాలు, ఆ యాక్సిడెంట్ రాత్రి కళ్లముందుకొచ్చి చేతులు వణికేవి, వెంటనే తాగాలనిపించేదట. ఇప్పుడు ఈఎండీఆర్ అని, కళ్లు కదిలిస్తూ చేదు జ్ఞాపకాల బాధ తగ్గించే చికిత్స చేయిస్తున్నాం. డాక్టరమ్మ రెండు వేళ్లు అటూ ఇటూ కదుపుతుంటే వాడు ఆ జ్ఞాపకాన్ని మనసులో పెట్టుకుని కళ్లతో వేళ్లనే చూస్తుంటాడు, మధ్యలో ఆగి ఏమనిపిస్తోందో చెబుతాడు. హిప్నాటిజం కాదండీ. 1987లో అమెరికాలో ఫ్రాన్సిన్ షపీరో మొదలుపెట్టిన పద్ధతి, పీటీఎస్‌డీకి (ఘోరమైన సంఘటన తర్వాత మనసును వదలని భయం, కలతకి) ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సిఫారసు కూడా చేసింది. ఇది తాగుడుకు కాదు, దాని వెనకున్న గాయానికి, కాబట్టి మాత్రలు ఆపించకండి. యూట్యూబ్ చూసి ఇంట్లో దయచేసి చేయొద్దు. సెషన్ అయిన రాత్రి కలత ఎక్కువుండొచ్చు, పక్కన ఎవరో ఒకరు పడుకోండి. అర్జెంటైతే తాగుడు, మత్తు మాన్పించే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేయండి, ఉచితమే.