గోల్ కొట్టినవాళ్ల పేర్లు మాత్రమే వేస్తే ఎలా?

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో బాలికల హాకీ పోటీల వార్త చదివాను. ఎవరు గెలిచారు, ఎన్ని గోల్స్ తేడాతో గెలిచారు, గోల్స్ కొట్టిన ఇద్దరమ్మాయిల పేర్లేమిటి అన్నంతవరకే రాశారు. గెలిచిన జట్టులో మిగతా తొమ్మిదిమంది ఏం చేశారో ఒక్క ముక్క లేదు. ఆ మ్యాచ్ నేను గట్టు మీద కూర్చుని మొదటినుంచి చివరిదాకా చూశాను. జట్టును గెలిపించింది వెనకాల ఆడిన లెఫ్ట్ హాఫ్ అమ్మాయి. ఆ పిల్ల పేరు మీ పేపర్లో లేదు కాబట్టే ఈ ఉత్తరం.

నేను ప్రభుత్వ బడుల్లో ఇరవై ఎనిమిదేళ్లు పీఈటీగా చేసి రిటైరయ్యాను. అమ్మాయిలకు హాకీ నేర్పినన్నాళ్లూ నా దగ్గర ఒక రూళ్ల నోటుబుక్కు ఉండేది. ప్రతి మ్యాచ్‌కీ ఒక పేజీ. పిల్లల పేర్లు వరసగా, పక్కన రెండు గళ్లు. బంతి ఎదుటివాళ్ల డీలోకి, అంటే గోల్ ముందు గీసే అర్ధవృత్తంలోకి, వెళ్లినప్పుడల్లా ఆ క్షణాన లోపల ఆడుతున్న పిల్లలందరికీ మొదటి గడిలో ఒక గీత. మన డీలోకి వస్తే రెండో గడిలో గీత. హాకీలో ఎంతమందినైనా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు కదా, కాబట్టి ఏ పిల్ల లోపలుంటే ఆట ఎటు నడుస్తోందో ఈ గీతల్లో తెలిసిపోయేది.

అలా తెలిసిన ఒక సెంటర్ హాఫ్ పిల్లను, అంటే మైదానం నడిమధ్యన ఆడే అమ్మాయిని, సెలక్షన్‌కు తీసుకెళ్లాను. అంతకుముందు మ్యాచ్‌లో ఆ అమ్మాయి మోకాలికి దెబ్బ తగిలి పది నిమిషాలు బయట కూర్చుంటే, ఆ పది నిమిషాల్లోనే బంతి మన డీలోకి ఏడుసార్లు వచ్చింది. ఆమె లోపలున్న మిగతా సమయమంతా కలిపి ఐదుసార్లే. బల్ల దగ్గర కూర్చున్నాయన "ఎన్ని గోల్స్ కొట్టింది మేడమ్?" అనడిగారు. ఒక్కటీ లేదన్నాను. పుస్తకం తెరిచి చూపించబోతే తర్వాతి పేరు పిలిచేశారు. తిరుగు బస్సులో ఆ పిల్ల కిటికీ పక్కన కూర్చుని, స్టిక్‌కు చుట్టిన టేపు అంచును గోటితో లేపుతూ, మళ్లీ అతికిస్తూ ఊరొచ్చేదాకా నోరు విప్పలేదు. మరుసటేడు గ్రౌండుకే రాలేదు.

పోయిన చలికాలం కెనడాలోని ఎడ్మంటన్‌లో మా అబ్బాయి దగ్గర ఐదు నెలలున్నాను. అక్కడ హాకీ అంటే మంచు హాకీ. ఐదో తరగతి చదివే మా మనవడు టీవీ ముందు కాగితం పెట్టుకుని గీతలు పెడుతుంటే నాకు నా నోటుబుక్కే గుర్తొచ్చింది. వాళ్ల దగ్గర ఈ విద్య ఎంత దూరం వెళ్లిందో అప్పుడు తెలుసుకున్నాను.

మొదట వాళ్లు పెట్టుకున్నది ప్లస్-మైనస్. ఆటగాడు లోపలున్నప్పుడు తమ జట్టు గోల్ కొడితే ప్లస్ ఒకటి, గోల్ తింటే మైనస్ ఒకటి. 1950ల్లో మాంట్రియల్ జట్టు మొదలుపెట్టింది, 1967-68 నుంచి అక్కడి పెద్ద మంచు హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ అధికారికంగా లెక్కిస్తోంది. బాబీ ఓర్ అనే డిఫెండర్ 1970-71లో తెచ్చుకున్న ప్లస్ 124 ఇప్పటికీ రికార్డు. కానీ ఈ లెక్కలోనూ పెద్ద లోపముంది. 2013-14లో ఒవెచ్కిన్ అనే ఫార్వర్డ్ 51 గోల్స్‌తో లీగ్‌లో అందరికన్నా ముందున్నాడు. అదే సీజన్‌లో అతని ప్లస్-మైనస్ మైనస్ 35! ఎదుటి జట్టులో ఒకరు శిక్ష పడి బయట కూర్చున్నప్పుడు కొట్టే గోల్స్‌కు ప్లస్ రాదు, అతని గోల్స్‌లో సగానికి దగ్గరగా అలాంటివే. దానికితోడు గోలీ (గోల్‌కీపర్‌ను అక్కడ అలాగే అంటారు) వదిలేసిన బంతికి కూడా లోపలున్న ప్రతివాడికీ మైనస్ పడుతుంది. మంచు హాకీలో బంతి అనరు, పక్ అంటారు, నాకు బంతి అనే అలవాటు.

దీనికి వాళ్లు కనిపెట్టిన మార్గమే కోర్సీ. బఫెలో సేబర్స్ అనే ఎన్‌హెచ్‌ఎల్ జట్టు గోలీ కోచ్ జిమ్ కోర్సీ, గోలీ ఎంత కష్టపడుతున్నాడో తెలియాలంటే ఆపిన షాట్లు మాత్రమే లెక్కిస్తే సరిపోదని, గోల్ పక్కనుంచి పోయినవీ మధ్యలో వేరేవాళ్లు అడ్డుకున్నవీ కలిపి లెక్కించాడు. ఏ షాట్ వచ్చినా గోలీ వంగాల్సిందే కదా! విక్ ఫెరారీ అనే మారుపేరుతో రాసే టిమ్ బార్న్స్ అనే ఎడ్మంటన్ ఆయిలర్స్ జట్టు అభిమాని ఆ లెక్కనే ఆటగాళ్లకు వర్తింపజేసి, కోర్సీ పేరే పెట్టాడు. ఆటగాడు లోపలుండగా తమ జట్టు చేసిన షాట్ ప్రయత్నాలెన్ని, ఎదుటి జట్టువి ఎన్ని అని చూస్తారు. మ్యాచ్‌లో ఒక జట్టుకు మూడు గోల్స్ వస్తే ప్రయత్నాలు యాభై దాటుతాయి. మూడింటిలో అదృష్టం చాలా ఉంటుంది, యాభైలో ఆట కనబడుతుంది. 2015లో ఎన్‌హెచ్‌ఎల్ తన సైట్‌లోనే ఈ లెక్కలు పెట్టింది. షాట్ ఎంత దూరం నుంచి, ఏ కోణంలో వచ్చిందో చూసి అది గోలయ్యే అవకాశమెంతో కట్టే లెక్కలు కూడా ఇప్పుడు మామూలే.

నాకు బాగా నచ్చింది ఇంకొకటి. కోచ్ ఒక డిఫెండర్‌ను ఎప్పుడూ తమ గోల్ దగ్గరి ఫేసాఫ్‌లకే (ఇద్దరి మధ్య పక్ వదిలి ఆట మొదలుపెట్టడం) దింపుతుంటే అతని కోర్సీ సాధారణంగా తగ్గుతుంది. అందుకని అతను ఆట ఎక్కడ మొదలుపెట్టాడు, ఎవరి మీద ఆడాడు, పక్కనెవరున్నారు అన్నది కూడా చూస్తారు. కష్టమైన చోట నిలబెట్టి నువ్వు తక్కువ అనకూడదన్న న్యాయం ఆ లెక్కలో ఉంది. మా సెంటర్ హాఫ్ పిల్లకు దక్కనిది ఆ న్యాయమే.

మన హాకీకి ఇది కుదరదని ఎవరైనా అంటే పారిస్ ఒలింపిక్స్ గుర్తుచేస్తాను. 2024 ఆగస్టు 8న స్పెయిన్ మీద 2-1తో కంచు పతకం తెచ్చిన రెండు గోల్సూ కెప్టెన్ హర్మన్‌ప్రీత్ పెనాల్టీ కార్నర్ల మీద (డీలో డిఫెండర్లు తప్పు చేస్తే ఎదుటి జట్టుకు దక్కే అవకాశం) కొట్టినవే. మొత్తం పది గోల్స్‌తో ఆ ఒలింపిక్స్‌లో అందరికన్నా పైన నిలిచాడు, ఆ ఘనత అతనిదే. మరి ఆ కార్నర్లు సంపాదించిపెట్టింది ఎవరు? డీలోకి చొచ్చుకెళ్లి, డిఫెండర్ కాలికి బంతి తగిలేలా చేసిందెవరు? ఆ పేర్లు మన తెలుగు పేపర్లలో ఎంత వెతికినా నాకు కనబడలేదు. అంతకు నాలుగు రోజుల ముందు బ్రిటన్‌తో క్వార్టర్ ఫైనల్లో 17వ నిమిషంలో అమిత్ రోహిదాస్‌కు రెడ్ కార్డు పడింది. ఎదుటివాళ్లు కార్నర్ కొట్టేటప్పుడు మన గోల్ లోపలినుంచి మొదట పరుగెత్తి, దూసుకొచ్చే బంతికి ఎదురెళ్లేవాడు అతనే. అతను లేకుండా పదిమందితోనే 1-1 నిలబెట్టి, షూటౌట్‌లో 4-2తో గెలిచారు. గోల్‌కీపర్ శ్రీజేష్‌ను అందరూ పొగిడారు, పొగడాలి కూడా. ఆ నలభై నిమిషాలూ అతని ముందు మోకాళ్లు అడ్డుపెట్టినవాళ్ల ఆటను ఏ గడిలో రాశాం? మన పాత చిత్తూరు జిల్లా యర్రావారిపాలెం మండలం నుంచి భారత జట్టు దాకా వెళ్లిన రజని కూడా గోల్‌కీపరే. గోల్స్ లెక్క ఒక్కటే చూసి ఉంటే ఆ అమ్మాయి ఊరు దాటేది కాదు.

మీ విలేకరులను నేను కోరేది చిన్నది. హాకీ వార్తలో గోల్ పక్కన ఆ కార్నర్ తెచ్చినవాళ్ల పేరు కూడా వేయండి. రెండు జట్లూ డీలోకి ఎన్నిసార్లు వెళ్లాయో ఒక్క ముక్క రాయండి. సెలక్షన్లు జరిపేవాళ్లకు కూడా నా విన్నపం ఒకటుంది. గీతలు పెట్టడానికి కంప్యూటర్ అక్కర్లేదు, చదువుకున్న పిల్ల ఒకరు పెన్నూ కాగితం పట్టుకుని గట్టున కూర్చుంటే చాలు. ఒక్క మ్యాచ్ గీతలు చూసి తేల్చేయొద్దు. నాలుగైదు మ్యాచ్‌లవి కలిపి, కంటితో చూసిన ఆటను పక్కన పెట్టుకుని మాట్లాడండి.

పోయిన వారం మ్యాచ్‌కు నేను గీసిన పేజీని జిరాక్స్ తీయించి ఈ ఉత్తరంతో జతచేస్తున్నాను. పైనుంచి ఆరో వరస చూడండి, ఆ లెఫ్ట్ హాఫ్ అమ్మాయిది. వచ్చే ఆదివారం ఉదయం ఏడింటికి ఆ పిల్లలకు అదే గ్రౌండులో మళ్లీ మ్యాచ్ ఉంది. మీ విలేకరిని పంపితే నా పక్కనే కూర్చోబెట్టుకుని రాయిస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పీఈటీ,
అనంతపురం జిల్లా