మీ కంప్యూటర్ ఊరికే ఉన్నప్పుడే ఎందుకు బిగుసుకుపోతోంది: తప్పు నాది, వచ్చి సరిచేస్తాను

అనంతపురంలోని మన షాపులో గడిచిన రెండేళ్లలో లినక్స్ (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) వేయించుకుని కంప్యూటర్ కొన్నవాళ్లు 14 మంది. అందులో తొమ్మిది మంది ఏదో ఒక రోజు ఫోన్ చేసి "ఉన్నట్టుండి బిగుసుకుపోయింది, ఏం నొక్కినా కదలడం లేదు" అన్నారు. నేను తలా ఒక కారణం చెప్పాను. ఒకరికి దుమ్ము అన్నాను, ఒకరికి మన ఊరి ఎండ అన్నాను, ఒకరికి కరెంటు ఎగుడుదిగుళ్లు అన్నాను. ధర్మవరం చీరల దుకాణానికి ర్యామ్ మార్చి డబ్బు తీసుకున్నాను. ఇద్దరి చేత యూపీఎస్ కొనిపించాను. ఇవేవీ కారణం కాదు. మదర్‌బోర్డులో నేను చూడకుండా వదిలేసిన ఒక సెట్టింగు, దానికి తోడు నేను పెట్టిన చౌక పవర్ సప్లై (గోడ కరెంటును లోపలి భాగాలకు అందించే డబ్బా), ఈ రెండే కారణం.

దారి చూపింది కళ్యాణదుర్గంలో విత్తనాలు అమ్మే ఆయన. మూడోసారి వెళ్లినప్పుడు మధ్యాహ్నం రెండున్నర. తెర మీద గడియారం 1:42 దగ్గర నిలిచిపోయి ఉంది. మౌస్ కదలదు. క్యాప్స్ లాక్ నొక్కితే కీబోర్డు మీద చిన్న దీపం కూడా వెలగలేదు. ఆయన భోజనానికి లేచింది ఒకటిన్నరకట. అప్పుడు ఆయన విసుగ్గా అన్న మాట ఇది: "జూన్‌లో వేరుశనగ విత్తనాలకు జనం తోసుకుంటుంటే ఒక్కసారీ ఆగలేదు. ఇప్పుడు బేరాలు లేక కూర్చుంటే రోజూ ఆగుతోంది. దీనికి కూడా పని ఉంటేనే బుద్ధిగా ఉంటుందేమో!"

నవ్వాను కానీ, తిరుగు బస్సులో ఆ మాటే మెదిలింది. ఎండే కారణమైతే మే, జూన్‌లలో ఆగాలి, ఆగస్టులో కాదు. నేను ప్రతి కంప్యూటర్‌నూ ఇచ్చే ముందు రాత్రంతా పరీక్షిస్తాను. ప్రాసెసర్‌కు ఊపిరాడనంత పని పెడతాను, ర్యామ్‌ను మెమ్‌టెస్ట్‌ అనే పరీక్ష ప్రోగ్రాముతో తిప్పుతాను. అన్నీ నెగ్గేవి. పని చెప్పి పరీక్షించాను తప్ప, ఊరికే కూర్చోబెట్టి ఒక్కదాన్నీ పరీక్షించలేదు.

షాపులో అదే రకం బోర్డున్న కంప్యూటర్‌ను ఆన్ చేసి, దాని జోలికి ఎవరూ వెళ్లకుండా వదిలేశాను. రెండో రోజు తెల్లవారుజామున ఆగిపోయింది. ఆల్ట్, ప్రింట్ స్క్రీన్ కలిపి పట్టుకుని కొన్ని అక్షరాలు వరుసగా నొక్కితే లినక్స్‌ను సురక్షితంగా రీస్టార్ట్ చేయవచ్చు. తెర మాత్రమే స్తంభించి ఉంటే ఈ ఉపాయం పనిచేస్తుంది. ఇక్కడ దానికీ ఉలుకూ పలుకూ లేదు. పక్క కంప్యూటర్ నుంచి పింగ్ చేసినా, అంటే నెట్‌వర్క్‌లో పలకరించి చూసినా, జవాబు లేదు. అంటే కెర్నలే, లినక్స్ లోపల యంత్రాన్ని నడిపే మూలభాగమే, ఆగిపోయింది. మళ్లీ ఆన్ చేసి అంతకు ముందరి లాగ్ (కంప్యూటర్ తానే రాసుకునే దినచర్య) తెరిస్తే 4:10కి మామూలు వరుస ఒకటి ఉంది, ఆ తర్వాత ఖాళీ. చనిపోయే ముందు ఒక్క మాట కూడా రాసుకోలేదు. ప్రోగ్రాముల తప్పయితే చాలాసార్లు ఏదో ఒక ఏడుపు మిగులుతుంది. ఇంత నిశ్శబ్దంగా పోయిందంటే నా అనుమానం పెట్టె లోపల అందే కరెంటు వైపు మళ్లింది.

ప్రాసెసర్‌కు పని లేనప్పుడు అది మెట్లు మెట్లుగా నిద్రలోకి దిగుతుంది. ఈ మెట్లను సీ-స్టేట్లు అంటారు. సీ1 అంటే అరుగు మీద కునుకు తీయడం, పిలిస్తే వెంటనే లేస్తాడు. సీ6 అంటే దీపం ఆర్పి తలుపేసుకుని పడుకోవడం, ప్రాసెసర్‌లోని ఆ పనిభాగానికి, అంటే ఆ కోర్‌కు కరెంటే దాదాపు తీసేస్తారు. అన్ని కోర్లూ అలా పడుకుంటే మొత్తం వాడకం ఎంతగా పడిపోతుందంటే, కొన్ని పాత రకం పవర్ సప్లైలు అంత తక్కువ దగ్గర ఓల్టేజీని నిలకడగా పట్టి ఉంచలేవు. 2013లో ఇంటెల్ హాస్వెల్ ప్రాసెసర్లు వచ్చినప్పుడే ఈ గొడవ బయటికొచ్చింది. నిద్రలో అవి 12 ఓల్టుల లైను మీద 0.05 ఆంపియర్‌కు కూడా దిగగలవని తేలి, పవర్ సప్లై తయారీదారులు తమ సరుకు దానికి సరిపోతుందో లేదో విడిగా చెప్పాల్సి వచ్చింది. ఈ వ్యాపారంలో ఉన్న నాకు అది తెలుసు. తెలిసీ, ధర తక్కువని పాత రకం పవర్ సప్లైలే తెచ్చి మీ పెట్టెల్లో బిగించాను.

మందు కూడా మొదటిసారే సరిగ్గా వేయలేదు. ఎక్కడో రాసి పెట్టుకున్న కెర్నల్ ఆజ్ఞ ఒకటి, ఇంటెల్‌ఐడిల్ అనే పేరుతో మొదలయ్యేది, తెచ్చి పెట్టాను. మళ్లీ ఆగింది. చూస్తే మన యంత్రాల్లో నిద్రను నడిపే డ్రైవరు (హార్డ్‌వేర్‌ను నడిపే చిన్న ప్రోగ్రాము) అది కాదు, ఏసీపీఐ‌ఐడిల్. వేరే ఇంటి తలుపు కొట్టినట్టయింది. లినక్స్ అలాంటప్పుడు కాదని కూడా చెప్పదు, విననట్టు ఊరుకుంటుంది.

చివరికి పనిచేసింది, కంప్యూటర్ ఆన్ కాగానే ముందుగా నడిచే బోర్డు ప్రోగ్రాము బయోస్‌లోని పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్ అనే సెట్టింగు. ఆటోలో ఉన్నదాన్ని టిపికల్ కరెంట్ ఐడిల్‌కు మార్చాను. అంటే, ఎంత నిద్రపోయినా కొంత కరెంటు వాడుతూనే ఉండమని చెప్పడం. షాపు కంప్యూటర్ ఆ తర్వాత 11 రోజులు కదలకుండా కూర్చుని ఒక్కసారీ ఆగలేదు. తొమ్మిది చోట్లకూ తిరిగి మార్చి వచ్చాను. నా భుజం నేనే తట్టుకున్నాను.

మూడు వారాలకు మూడు ఫోన్లు. మళ్లీ అదే జబ్బు.

పాతూరులో మందుల దుకాణానికి వెళితే, ఆవిడ ఆ ఉదయం తొమ్మిది గంటలకు కొట్టిన బిల్లు చూపించి "మీరు వచ్చి వెళ్లినప్పటి నుంచి పొద్దున్నే మొదటి బిల్లు మీద టైము తప్పు వస్తోంది" అన్నారు. దాని మీద ముందు రోజు రాత్రి 9:52 అని ఉంది. రెండో బిల్లు సరిగ్గానే ఉంది. నేను వచ్చి వెళ్లినందువల్ల కాదు కానీ, విషయం దొరికింది. బోర్డు మీద రూపాయి బిళ్లంత సెల్ ఉంటుంది, సీఆర్2032. మెయిన్ స్విచ్ కట్టేసినప్పుడు గడియారాన్నీ బయోస్ సెట్టింగులనూ కాపాడేది అదే. మన దుకాణాల్లో రాత్రి మెయిన్ కట్టేసి తాళం వేయడం అలవాటు, అది మంచి అలవాటే. కానీ నేను తెచ్చినవి చాలాకాలం గోదాములో పడి ఉన్న బోర్డులు, సెల్ అప్పటికే కొన ఊపిరితో ఉంది. సెల్ పోయాక బోర్డు గడియారం ఏళ్ల వెనక్కు వెళుతుంది. లినక్స్ మాత్రం తాను చివరిసారి చూసిన సమయం నుంచి లెక్క మొదలుపెట్టి, ఇంటర్నెట్ తగలగానే సరిచేసుకుంటుంది. అందుకే సెల్ చచ్చిన సంగతి ఎవరికీ కనబడలేదు. మొదటి బిల్లు ఒక్కటే దాన్ని పట్టించింది.

"పొద్దున ఆన్ చేసినప్పుడు తెర మీద ఏమైనా అడుగుతుందా?" అన్నాను. "ఎఫ్1 నొక్కమంటుంది, మా అబ్బాయి నొక్కుతాడు" అన్నారు. ఆ అబ్బాయి రోజూ ఎఫ్1 నొక్కుతున్నాడు, బోర్డు రోజూ నా సెట్టింగును చెరిపేసి ఆటోకు వెళ్లిపోతోంది. అబ్బాయి తప్పేమీ లేదు. సెల్ ఖరీదు ఒక భోజనం ఖర్చంత ఉండదు. బోర్డు బిగించే రోజే మార్చి ఉంటే ఇంత రాయాల్సిన పని లేదు.

ఇప్పుడు చేయబోయేది. ఫోన్ చేయని అయిదుగురితో సహా 14 చోట్లకూ వస్తాను. కొత్త సెల్ వేస్తాను, బయోస్ సెట్టింగు మారుస్తాను, దానితో పాటు గ్రబ్ (లినక్స్‌ను మొదలుపెట్టే ప్రోగ్రాము) ఫైలులో నిద్ర సీ1 దాటకుండా కెర్నల్‌కు కూడా ఆజ్ఞ రాస్తాను. ఇది డిస్కులో ఉంటుంది కాబట్టి రేపు సెల్ పోయినా, కెర్నల్ అప్‌డేట్ అయినా చెరిగిపోదు. కరెంటు వాడకం కొద్దిగా పెరుగుతుంది, ఫ్యాను కాస్త ఎక్కువ తిరగవచ్చు, ముందే చెబుతున్నాను. పవర్ సప్లై మార్చుకోవాలనుకుంటే నేను కొన్న ధరకే ఇస్తాను, కానీ ఇవి చేశాక అవసరం పడకపోవచ్చు.

ఈ పనికి డబ్బు తీసుకోను. ధర్మవరం వారికి ర్యామ్ డబ్బు తిరిగి ఇస్తాను, ర్యామ్ వారి దగ్గరే ఉంచుకోవచ్చు. యూపీఎస్ కొన్న ఇద్దరిలో ఒకరు, కరెంటు పోయినప్పుడు పనికొస్తోంది, ఉండనివ్వండి అన్నారు. రెండోవారు వద్దన్నారు, తీసుకుని పూర్తి డబ్బు ఇస్తాను.

సోమ, మంగళవారాలు ఊళ్లోవి, బుధవారం కళ్యాణదుర్గం, గురువారం ధర్మవరం. మీకు బేరం తక్కువ ఉండే వేళ చెబితే ఆ వేళకే వస్తాను, ఒక్కో చోట అరగంట పడుతుంది. ఈలోగా కంప్యూటర్ బిగుసుకుపోతే పవర్ బటన్ అయిదు సెకన్లు నొక్కి పట్టుకోవడం తప్ప దారి లేదు, అందుకని భోజనానికి లేచే ముందు లెక్కలు సేవ్ చేసుకోండి. పొద్దున ఎఫ్1 అడిగితే నొక్కి పని చూసుకోండి. నొక్కాక నాకు ఒక ఫోన్ చేయండి, మీ దుకాణం పేరు వరుసలో ముందుకు రాసుకుంటాను.