క్యాన్సర్ వచ్చిన వృద్ధుల కండబలం కొలిపించండి: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

విడిగా పంపిన వినతులకు జవాబు రాలేదు. అందుకే అందరి ఎదుట ఈ విన్నపం.

చాలా కీమో మందుల మోతాదును ఎత్తు, బరువు చూసి లెక్కగడతారు. ఆ బరువులో కండ ఎంత, కొవ్వు ఎంత, కాళ్లలో చేరిన నీరెంత అన్నది ఆ లెక్కకు అందదు. కండ కరిగిపోయిన 85 ఏళ్ల మనిషి అదే మోతాదుకు మంచాన పడవచ్చు. అప్పుడు ఆయన్ను లేపి మరుగుదొడ్డికి నడిపించాల్సింది తరచుగా 80కి చేరువైన భార్యే.

కండబలం కొలవడానికి, చేతి పట్టు ఎంత గట్టిదో కిలోల్లో చూపే చేతిపట్టు డైనమోమీటర్ అనే పరికరం చాలు. కూర్చోబెట్టి, మోచేయి 90 డిగ్రీలు వంచి, ఒక్కో చేత్తో కనీసం రెండుసార్లు గట్టిగా నొక్కించి, అత్యధిక అంకె రాయాలి. కండ క్షీణతపై 2019 నాటి ఆసియా నిపుణుల ప్రమాణాల ప్రకారం పురుషులకు 28, స్త్రీలకు 18 కిలోల కన్నా తక్కువైతే బలహీనతే. వేళ్ల కీళ్లు వాచినవారిలో ఈ అంకె తప్పు చెబుతుంది. వారి కుర్చీని గోడకు ఆనించి, చేతులు ఛాతీపై కట్టించి, ఐదుసార్లు లేచి కూర్చోమనాలి. 12 సెకన్లు, ఆపైన పడితే కండ బలహీనతను అనుమానించాలి. పక్కన ఒకరు తప్పక నిలబడాలి.

బలహీనులకు చికిత్స ఆపమని మేం అనడం లేదు. వయసు చూసి నిరాకరించడం అన్యాయం. మోతాదును పునఃపరిశీలించాలి, వ్యాయామం చేయించాలి, మూత్రపిండాల స్థితి చూసుకుని కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ అందించాలి. గంజితో అది అందదు.

70 దాటిన ప్రతి రోగి కేస్ షీట్‌లో మొదటి కీమోకు ముందే ఈ కండబలం అంకె నమోదు చేయాలని ఉత్తర్వు ఇవ్వండి. ప్రతి ప్రభుత్వ క్యాన్సర్ విభాగానికి డైనమోమీటర్‌ను, ఒక ఫిజియోథెరపిస్టును కేటాయించండి.

ఇట్లు,
వృద్ధుల క్యాన్సర్ సంరక్షణలో పనిచేస్తున్న ఫిజియోథెరపిస్టులు, నర్సులు