మన ఊరి గ్రామసభ, పేట దారి

బావా,

ఎలా ఉన్నావు? ఇక్కడ దాళ్వా, అదే రెండో పంట, కోతలు అయిపోవచ్చాయి, కాలవలు కట్టేశారు. ఒక ముఖ్యమైన సంగతి ఫోనులో తేలదని ఉత్తరం రాస్తున్నా.

ఏప్రిల్ 24న, పంచాయతీరాజ్ దినం నాడు, మన ఊళ్ళో గ్రామసభ జరిగింది. కులం, మతం, ఆడామగా, వైకల్యం, వీటిలో దేన్నిబట్టీ పంచాయతీ పనుల్లో ఎవరికీ తేడా చూపించబోమని తీర్మానం పెట్టారు. కార్యదర్శి చదువుతుంటే వెనకనుంచి ఒకాయన, "ఇదంతా రాజ్యాంగంలో ఉన్నదే కదండీ" అన్నాడు. నిజమే. అంటరానితనాన్ని 17వ అధికరణం రద్దు చేసింది. చెరువులూ బావులూ రోడ్లూ అందరివీ అని 15వది చెప్పింది. 1950 నుంచీ ఉన్న మాటే. అయినా ఆ రాజ్యాంగం రాసిన అంబేడ్కర్ పేరు మన కోనసీమ జిల్లాకి పెడతామన్నందుకు 2022 మేలో అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు కదా! అందుకే ఆ మాట మన ఊరి తీర్మానాల పుస్తకంలోకి ఎక్కడం నాకు చాలా పెద్ద విషయం. రేపు దళితులుండే పేటలో కుళాయి రాకపోతే ఆ పేజీ తీసి చూపించి అడగొచ్చు.

సర్పంచ్ గారి పక్క కుర్చీలో ఎప్పటిలాగే వాళ్లాయన కూర్చున్నాడు. 1993లో అమల్లోకొచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల్లో ఆడవాళ్లకి మూడో వంతు పదవులిచ్చింది, మన రాష్ట్రం దాన్ని సగం చేసింది. కానీ పెత్తనం ఎవరిదో నీకు తెలుసు. ఈసారి డ్వాక్రా సంఘం పెద్దావిడ లేచి, "బాబూ, నువ్వెళ్లి జనంలో కూర్చో. మేం మా సర్పంచమ్మతో మాట్లాడుకోవాలి" అంది. ఆయన లేచి వెళ్లాడు. ఆ తరువాత సర్పంచ్ గారు గొంతు విప్పి మాట్లాడిన తీరు చూసి ఎంత సంతోషం వేసిందో! ఆఫీసు మెట్ల పక్కన ర్యాంపు కట్టిస్తామని కూడా రాయించారు. 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చినా ఇన్నేళ్లూ ఎవరికీ పట్టలేదు.

అసలు మాట శ్మశానం సంగతి దగ్గర వచ్చింది. పేటవాళ్ల శ్మశానానికి దారి లేదు, చేల గట్ల మీదే వెళ్లాలి. పోయిన సార్వాలో, వానాకాలం పంటప్పుడు, నాయనమ్మని మోసుకెళ్లిన కుర్రాడు లేచి చెప్పాడు. ముందు నడుస్తున్నవాడి కాలు మోకాలిదాకా దిగబడి పాడె ఒరిగిపోతే, నాట్లు ఊడ్చిన చేలో కూలబడి ఆవిడ ఒంటిమీద బురద కడిగారట. పైగా నాట్లు తొక్కారని రైతు కేకలు. చెబుతూ చెబుతూ వాడు ఆగిపోయాడు. సభలో ఎవరూ నోరెత్తలేదు. సమానత్వం అని సంతకాలు పెట్టిన ఊళ్ళో మనిషి చివరి ప్రయాణం అలా జరగడం నేను భరించలేను బావా.

దారి వేస్తామని రాశారు గానీ గడువు రాయలేదు. నేను లేచి, సార్వా ఊడ్పుల లోపు అని రాయమన్నాను, రాశారు. చేలు ఖాళీగా ఉన్న ఈ నెలన్నరలోనే మట్టి పని అవుతుంది.

ఆ దారి మీ చేను పక్కనుంచే పోతుంది. గట్టు వెంబడి మూడడుగులు వదిలితే పోయేది సెంటున్నర. మన వైపు సెంటు ధర ఎంతో నాకు తెలుసు, ఊరికే ఇమ్మనడం తేలిక కాదనీ తెలుసు. కానీ మామయ్య ఒప్పుకుంటే మిగతా ఇద్దరు రైతులూ వస్తారు. నేను అడిగితే మొహమాటపడతారు. నువ్వు చెబితే వింటారు. సర్వేయరు వచ్చే సోమవారం కొలతకి వస్తున్నాడు, ఆదివారం లోపు మామయ్యకి ఫోన్ చెయ్యి.

చెల్లాయినీ పిల్లల్నీ అడిగానని చెప్పు.

నీ బావ