బాల్ బ్యాడ్మింటన్‌కు బంతులు కొనివ్వండి: క్రీడాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ క్రీడాశాఖ మంత్రి గారికి నమస్కారాలు.

ఏ ఆఫీసుకెళ్లి బాల్ బ్యాడ్మింటన్ అన్నా "షటిలేనా?" అంటారు. కాదండీ, ఐదుగురి జట్టు, పసుప్పచ్చ ఉన్ని బంతి అని విడమర్చి చెప్పేసరికే పుణ్యకాలం గడిచిపోతోంది. వరంగల్‌కు చెందిన జమ్మలమడక పిచ్చయ్య గారికి ఈ ఆటలో 1970లోనే అర్జున అవార్డు వచ్చింది. ఆ ఊరి పక్కన కూడా ఈ ప్రశ్న తప్పడం లేదు.

గట్కా, మల్లఖంబ్‌, కలరిపయట్టు, థాంగ్-టా లాంటి దేశీ క్రీడలను కేంద్రం నడిపే ఖేలో ఇండియా యూత్ గేమ్స్‌లో చేర్చారు. సంతోషమే. మరి మా సంగతి? కేంద్ర ఉద్యోగాల స్పోర్ట్స్ కోటా జాబితాలో బాల్ బ్యాడ్మింటన్ ఉంది. అక్కడిదాకా పోవాలంటే ముందు పిల్లలకు బంతులుండాలి కదా!

పొద్దున్నే మంచు తడి తగిలితే ఉన్ని నీళ్లు పీల్చి బంతి బరువెక్కుతుంది, రాకెట్ గట్టింగ్ (అల్లిన తీగలు) పుటుక్కున తెగుతుంది. ఆరాక పోగులు లేచిపోయి, కొడితే ఎటు పోతుందో తెలియదు. అలాంటి బంతితోనే పిల్లలు సెలెక్షన్లకు తయారవుతున్నారు. డబ్బులున్న ఇంటివాళ్లు కొత్తవి కొనుక్కుంటారు, అది వేరే విషయం.

స్టేడియాలు అడగడం లేదు. 24 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పున చదును చేసిన కోర్టు జిల్లాకొకటి, జిల్లా క్రీడా బడ్జెట్‌లో బంతులకూ గట్టింగ్‌కూ విడిగా ఒక పద్దు. వచ్చే బడ్జెట్ ప్రతిపాదనల్లోనే ఆ పద్దు పెట్టించండి.

ఇట్లు,
ఒక బాల్ బ్యాడ్మింటన్ కోచ్